నీడలో మందార ఆకులు పెద్దగా వస్తున్నాయంటే మొక్క బాగున్నట్టేనా?

ఒకే మందార నుంచి కత్తిరించి నాటిన రెండు కొమ్మల్లో, వరండాలో ఉన్నదానికి అరచేయంత ముదురాకుపచ్చ ఆకులు వచ్చాయని, ఎండలో ఉన్నదానికి చిన్నగా, కాస్త లేత రంగులో ఉన్నాయని రాశారు. ఎండలోదానికి ఏ ఎరువు వేయాలని అడిగారు.

ఏ ఎరువూ వద్దు. మీ రెండింట్లో బాగున్నది అదే. (ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు తిరిగితే మాత్రం అది వేరే సంగతి.)

ఆకు పెద్దదైతే మొక్క బలంగా ఉందనుకోవడం మనందరికీ అలవాటు. నేనూ రెండేళ్లు అలాగే అనుకున్నాను. మెట్ల కింద ఉన్న నా మందారను చూసి ఎవరొచ్చినా "ఎంత పచ్చగా ఉందో!" అనేవారు. కానీ ఆ రెండేళ్లలో ఒక్క మొగ్గ వేయలేదు. కాండం మొత్తం వెలుతురు వచ్చే వైపుకే వంగిపోయింది. ఆకుకీ ఆకుకీ మధ్య జానెడు ఖాళీ. అది వెలుతురు సరిపోని మొక్క. దొరికిన కాస్త వెలుగునైనా వదలకూడదని ఆకును వెడల్పుగా, పల్చగా పరుచుకుంటుంది, పత్రహరితం ఎక్కువ పట్టిస్తుంది. మనం మెచ్చుకునే ఆ ముదురు రంగు దాని ఆకలి.

ఒక వేసవి మధ్యాహ్నం ఆ కుండీని ఎత్తుకెళ్లి డాబా మీద పెట్టేశాను. మూడో రోజుకి ఆకులు తెల్లబోయాయి. దగ్గరగా చూస్తే, ఒక ఆకు మీద ఇంకో ఆకు నీడ పడిన చోట రంపపు పళ్ల అంచుతో సహా పచ్చగా అచ్చు పడింది. చుట్టూ అంతా ఎండిన కాగితం. ఎండ దెబ్బ అంటే ఏమిటో నాకు ఆ ఆకే చూపించింది. నీళ్లు తక్కువయ్యాయేమోనని రెండు పూటలా పోశాను. లాభం లేదు, పది రోజుల్లో అన్నీ రాలిపోయాయి. ఆ మొక్కకి అలా చేసినందుకు నాకు ఇప్పటికీ బాధే.

తర్వాత కణుపుల దగ్గర చిగుళ్లు వచ్చాయి. చిన్నవి, దళసరివి. రాలినవాటిలో పచ్చగా మిగిలిన ఒక ఆకునీ, కొత్త ఆకునీ పక్కపక్కన పెట్టి వెలుతురుకి ఎత్తి చూశాను. పాతదాంట్లో ఈనెలన్నీ కనిపించాయి. కొత్తది మడిస్తే పుటుక్కున విరిగింది. ఎండలో పెరిగే ఆకులో వెలుగు పట్టే కణాలు నిలువుగా వరసల మీద వరసలుగా పేరుకుంటాయి, అందుకే ఆ మందం. ముదిరిన ఆకు ఇక అలా మారలేదు. కాబట్టి చోటు మార్చాక పాత ఆకుల్ని చూసి తీర్పు చెప్పకండి.

"మా గదిలో వెలుతురు బాగానే ఉంది" అనే మాట వింటే నాకు చిరాకు. నడినెత్తి ఎండ దాదాపు లక్ష లక్స్ (వెలుతురు కొలత) ఉంటే, కిటికీకి దూరంగా గదిలో కొన్ని వందలే ఉంటాయి. మన కన్ను సర్దుకుంటుంది కాబట్టి ఆ తేడా తెలియదు. మొక్కకి తెలుస్తుంది. ఇంకో చిరాకు, ప్రతిదానికీ ఎరువు చెప్పేవాళ్లు. నీడలో ఉన్న మొక్కకి నత్రజని పోస్తే ఇంకా సాగుతుంది, ఇంకా మెత్తబడుతుంది, పూయదు. నీడ కుండీకి ఎండ కుండీతో సమానంగా నీళ్లు పోయడం అంతకన్నా ప్రమాదం. మట్టి ఆరక వేర్లు కుళ్లుతాయి.

ఫెర్న్ లాంటివి నీడకే పుట్టినవి, వాటి జోలికి పోవద్దు. మందార, మల్లె, గులాబీలకి మాత్రం రోజుకి కనీసం ఐదారు గంటల ఎండ పడాల్సిందే.

మీ వరండా మొక్కని నాలా ఒకేసారి ఎండలోకి తోయకండి. మొదట పొద్దుటి ఎండ ఒక గంట, రెండు మూడు రోజులకోసారి ఇంకో గంట, ఇలా రెండు వారాలు. అయినా కొన్ని ఆకులు రాలతాయి. కంగారు పడి పీకేయకండి. కొమ్మని గోటితో కొద్దిగా గీరి చూడండి, బెరడు కింద పచ్చగా, తడిగా ఉంటే చిగురు వస్తుంది.