కోల్‌కతాలో ఆఖరి రోజు: ప్రయాణాల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: డిసెంబరు చివరి వారంలో నలుగురు స్నేహితురాళ్లం కోల్‌కతా వెళ్తున్నాం. ఆఖరి రోజు ఆదివారం పడింది. మధ్యాహ్నం 12కి గది ఖాళీ చెయ్యాలి, బండి రాత్రి 11 దాటాక. దక్షిణేశ్వరం, విక్టోరియా, జూ, న్యూ మార్కెట్ ఆ రోజుకే ఉంచుకున్నాం. అన్నీ అవుతాయా?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: అవవండి. రెండు అవుతాయి. ఆ రోజుల్లో అక్కడ సాయంత్రం 5కే పొద్దు గూకుతుంది. బండి రాత్రికి కదా అని ధీమాగా ఉంటే, చేతికొచ్చే పగలు ఏడెనిమిది గంటలే.

జూ వదిలేయండి. ఆ వారంలో, అందులోనూ ఆదివారం, టికెట్ వరసలోనే పూట గడిచిపోతుంది. న్యూ మార్కెట్లో ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి కనక కొనాల్సినవి శనివారమే కొనేయండి. కాలేజ్ స్ట్రీట్ పుస్తకాల సంగతీ అంతే. విక్టోరియా మెమోరియల్ మ్యూజియానికి సెలవు సోమవారం, కాబట్టి మీకు ఇబ్బంది లేదు.

గది ఖాళీ చెయ్యడానికి 12 దాకా ఆగకండి, అక్కడే రోజు రెండు ముక్కలవుతుంది. పొద్దున్నే లెక్క తేల్చి, సామాన్లు రిసెప్షన్లో పెట్టి బయటపడండి. సాయంత్రం దాకా ఉంచుతారా అన్నది ముందు రాత్రే అడిగి పెట్టుకోండి. పొద్దున డ్యూటీ మారితే కొత్తగా వచ్చినవాళ్లకి ఏ మాటా తెలియదు. తర్వాత మెట్రోలో దక్షిణేశ్వరం. స్టేషన్ గుడి దగ్గరే ఉంది, కానీ ఆదివారం మెట్రో 9 ప్రాంతంలోగానీ మొదలవదు. గుడి మధ్యాహ్నం కొన్ని గంటలు మూస్తారు కనక దర్శనం ముందు, ఫొటోలు తర్వాత. అదే లైన్లో వెనక్కి వచ్చి మైదాన్ స్టేషన్లో దిగితే విక్టోరియా నడక దూరమే. లోపలి గ్యాలరీలు ముందు చూసి తోటలో ఎండ తగ్గేదాకా కూర్చోండి.

ఇప్పుడు అసలు సంగతి. టికెట్ మీద స్టేషన్ పేరు మళ్లీ చదవండి. ఒకప్పుడు హౌరాలో ఎక్కే కోరమాండల్ ఇప్పుడు షాలిమార్ నుంచి బయల్దేరుతుంది. దక్షిణాదికి వచ్చే బళ్లు కొన్ని సంత్రాగాఛి నుంచి ఉంటాయి. అలవాటు కొద్దీ హౌరాకి పోయి, అక్కణ్నుంచి టాక్సీలో పరుగెత్తి బండి పోగొట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మీది హౌరాయే అయితే, మన వైపు బళ్లు ఎక్కువగా న్యూ కాంప్లెక్స్‌లో, అంటే 17 నుంచి మొదలయ్యే ప్లాట్‌ఫారాల మీద ఉంటాయి. టాక్సీవాడికి ‘హౌరా’ అని ఊరుకోకుండా ‘న్యూ కాంప్లెక్స్’ అనండి, లేకపోతే పెట్టెలు మోసుకుంటూ పాత భవనంలోంచి నడవాలి. వంతెన మీద రద్దీ నమ్మలేం. చేతిలో బరువు తక్కువైతే ఎస్ప్లనేడ్ నుంచి హుగ్లీ నది కిందుగా వెళ్లే మెట్రో ఎక్కండి. లాంచీ ప్రయాణం బాగుంటుంది, అయితే అది సాయంత్రానికే. రాత్రి ఆలస్యమైతే దాన్ని నమ్ముకోవద్దు.

పొద్దున్నే సామాను హౌరా క్లోక్‌రూమ్‌లో పెట్టేద్దామనుకుంటే టికెట్ చూపించాలి, ప్రతి సంచికీ తాళం ఉండాలి. మిఠాయిల గుడ్డసంచి తీసుకోరు.

ప్రశ్న: చలికాలపు బెల్లం మిఠాయిలు పాడవకుండా ఇంటికి తేవడం ఎలా?
– ఒక పాఠకుడు, ఛత్రపురం

జవాబు: అది నొలెన్ గుర్, మన ఈత చెట్టు నీరాతో కాచే బెల్లం. రెండు రకాలు దొరుకుతుంది. పాకంలా ఉండే ఝోలా గుర్ బండిలో తేవద్దు. వెచ్చదనానికి పులిసి గ్యాస్ పుడుతుంది, మూత తన్నుకుని బట్టలన్నీ జిగురవుతాయి. గట్టి అచ్చు, పాటాలి, తెచ్చుకోండి. వేలితో నొక్కితే కాస్త విరిగేది మేలు. రాయిలా గట్టిగా, పంచదార పలుకులు మెరుస్తూ ఉంటే కలిపారని అనుమానించండి. కాగితంలో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టాలి.

సందేశ్‌లో ‘కొరా పాక్’ అని అడగండి. గట్టిపాకం కనక చలికాలంలో రెండు మూడు రోజులు బయట ఆగుతుంది. మెత్తటి ‘నొరొమ్ పాక్’ ఆ పూటే తినాలి. రెండూ ఒకే డబ్బాలో సర్దితే మెత్తనిదాని తేమతో గట్టిదీ పోతుంది. ఏదైనా బండెక్కే రోజు సాయంత్రమే కొనండి. రసగుల్లా మట్టికుండలో కారుతుంది, సీలు డబ్బా అయితేనే తేవాలి. అయినా 2017లో బెంగాల్ రసగుల్లాకి, 2019లో ఒడిశా రసగుల్లాకి విడివిడిగా భౌగోళిక గుర్తింపు వచ్చాక కూడా, గంజాం జిల్లావాళ్లు అక్కణ్నుంచి మోసుకురావడం ఎందుకో!

ప్రశ్న: నాలుగు రాత్రులకి గదుల అద్దె 12,000 అయింది. ఒకామె రెండు రోజులు ఆలస్యంగా కలిసింది. సమంగా పంచాలా?
– ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: ఆలస్యంగా వస్తానని గదులు బుక్ చెయ్యకముందే చెప్పి ఉంటే రాత్రుల లెక్క వెయ్యండి. రాత్రికి 3,000. మొదటి రెండు రాత్రులూ ముగ్గురికి తలా 1,000, తర్వాతి రెండూ నలుగురికి తలా 750. అంటే మీ ముగ్గురిదీ తలా 3,500, ఆమెది 1,500. రద్దు చేసుకునే గడువు దాటాక మనసు మార్చుకుంటే మాత్రం ఆమె మంచం ఖర్చు అప్పటికే పడిపోయింది, 3,000 ఇవ్వాల్సిందే. భోజనాలకి, టాక్సీలకి ఆ పూట ఎవరున్నారో వాళ్లే. ఈ లెక్కంతా స్టేషన్లో బండి కోసం కూర్చున్నప్పుడే ఫోన్లో తేల్చి డబ్బు పంపేసుకోండి. ఇల్లు చేరాక అడగడానికి మొహమాటం.

ప్రశ్న: మేం పలాసలో దిగి పర్లాకిమిడి వెళ్లాలి. నిద్రలో స్టేషన్ దాటిపోతుందని భయం.
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేసి గమ్యస్థానం అలర్ట్ పెట్టుకోవచ్చు. అదొక్కదాన్నే నమ్మకుండా, బండి బరంపురం దాటగానే లేవండి. అక్కణ్నుంచి పలాస సుమారు 75 కి.మీ., బండి ఆగే స్టేషన్లని బట్టి గంట, గంటన్నర. బోర్డు మీద ‘బ్రహ్మపూర్’ అని ఉంటుంది, కిటికీలోంచి బరంపురం కోసం వెతక్కండి.