ఆఖరి పేజీ దగ్గర ఆగిపోయిన అబ్బాయి

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. స్టీఫెన్ కింగ్ రాసిన 'ది డార్క్ టవర్' ఏడు భాగాలూ ఏడాదిన్నరగా చదివి పోయిన ఆదివారం ముగించాడు. "ఇంతా చేసి ఇదా?" అని పుస్తకం విసిరేశాడు. అప్పట్నుంచి ముభావంగా ఉన్నాడు, సరిగా తినట్లేదు. పరీక్షలు ముందుంచుకుని దయ్యాల కథకి ఏడుపేంటని వాళ్ల నాన్నగారు కోప్పడి పుస్తకాలన్నీ అటకెక్కించారు. ఏం చెయ్యను?

జవాబు: ముందు ఆ పుస్తకాలు కిందికి దించండమ్మా.

ఆ నవల నేనూ చదివాను. ఒక గోపురాన్ని వెతుక్కుంటూ బయల్దేరిన తుపాకీ వీరుడు రోలాండ్ కథ అది. అతని తోటి ప్రయాణికుల్లో ఎడ్డీ పోతాడు, పసివాడు జేక్ పోతాడు, వాడి వెంట తిరిగిన పెంపుడు జంతువు ఓయ్ కూడా పోతుంది. ఇందరిని పోగొట్టుకుని రోలాండ్ గోపురం ఎక్కి చివరి తలుపు తీస్తే, మళ్లీ మొదటి భాగంలోని ఎడారిలోనే పడతాడు. మీవాడికి కడుపు మండడంలో తప్పేముంది? ఏడాదిన్నర వాళ్లతో కలిసి నడిచాడు. ముగింపు మీద కోపం పైకి కనిపిస్తోంది, లోపలున్నది మనుషులు దూరమైన దిగులు. 1982లో మొదటి భాగం చదివినవాళ్లు ఈ ముగింపు కోసం 2004 దాకా ఎదురుచూశారు. వాళ్లలోనూ చాలామంది ఇలాగే మండిపడ్డారు. రచయితకూ ఇది తెలుసు. చివరి ఘట్టానికి ముందు కథ ఆపి, ఇక్కడితో చదవడం మానేయమని పాఠకుల్ని హెచ్చరించాడు కూడా.

"పోనీలే, కథేగా" అని మాత్రం అనకండి. మీరు చదవలేదు కదా, కథ వాడి చేతే చెప్పించుకోండి. అడ్డు రాకుండా వినండి. చివర్లో ఒక్కటి అడగండి: "ఆ కొమ్ముబూర సంగతేమిట్రా?" పూర్వం యుద్ధంలో రోలాండ్ వంగి తీసుకోకుండా వదిలేసిన బూర అది. ఈసారి ఎడారిలో అతని దగ్గరుంటుంది, అంటే ఈ ప్రయాణం వేరేలా ముగియొచ్చన్న ఆశ ఉంది. అంత కోపంలో వాడా వాక్యాన్ని దాటేసి ఉండొచ్చు. చూశాక కూడా నచ్చలేదంటే సరేననండి, ఒప్పించే పని పెట్టుకోకండి.

వాళ్ల నాన్నగారి బెంగ పరీక్షల గురించి, అదీ నిజమే. కానీ కసురుకుంటే వాడు చదువుకీ దూరమవుతాడు. ఆ పుస్తకాలు ఆయన చేత్తోనే తిరిగి ఇప్పించగలిగితే సగం పని అయినట్టే.

రెండు వారాలైనా తిండీ నిద్రా కుదుటపడకపోతే డాక్టరుకి చూపించండి. బతకాలని లేదన్న మాట వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకండి. మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఈ రాత్రి అన్నం వడ్డిస్తూ జేక్ ఎవరో అడగండి.