రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు ఉన్నవారందరికీ జన్యు చికిత్స పనిచేస్తుందా?

పనిచేయదు, 2017 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించిన లక్స్‌టర్నా అనే జన్యు చికిత్స, ఆర్‌పీఈ65 జన్యువు రెండు ప్రతుల్లోనూ లోపం ఉండి, రెటీనాలో (కంటి వెనుక కాంతిని గ్రహించే పొరలో) బతికున్న కణాలు తగినన్ని మిగిలినవారికి మాత్రమే ఉద్దేశించినది.

రెటినైటిస్ పిగ్మెంటోసా నిజానికి ఒకే జబ్బు కాదు. పదుల కొద్దీ జన్యువుల్లో ఏది దెబ్బతిన్నా కాంతిని గ్రహించే కణాలు క్రమంగా నశించి, సాధారణంగా మొదట రేచీకటి, తర్వాత చుట్టుపక్కల చూపు తగ్గడం మొదలవుతాయి. ఆర్‌పీఈ65 తయారు చేయించే ఎంజైము, వెలుతురు తగిలి రూపు మారిన విటమిన్ ఏ అణువును మళ్లీ చూపునకు పనికొచ్చే రూపంలోకి తెస్తుంది. ఆ ఎంజైము లేనివారికి, జబ్బు కలిగించని వైరస్‌లో సరైన జన్యువును ఉంచి, శస్త్రచికిత్స చేసి సన్నని సూదితో రెటీనా కిందికి, ఒక్కో కంటికి ఒక్కసారే ఎక్కిస్తారు. చెడినది వేరే జన్యువైతే ఈ మందు చేయగలిగినదేమీ లేదు.

ఉదాహరణకు, దీని మూడో దశ పరీక్షల్లో రోగులను బాణం గుర్తులూ అడ్డంకులూ ఉన్న దారిలో వేర్వేరు వెలుతురుల్లో నడిపించారు. చికిత్స పొందినవారిలో సగానికి పైగా, ఏడాది తర్వాత, రాత్రి బెడ్‌లైటు పాటి 1 లక్స్ వెలుతురులో కూడా ఆ దారిని సరిగా దాటగలిగారు.

పోయిన చూపంతా తిరిగి వస్తుందన్నది చాలామందిలో ఉన్న అపోహ. ఈ చికిత్స బతికున్న కణాల పనితీరును మెరుగుపరచగలదు గానీ, నశించిన కణాలను పుట్టించలేదు. అందుకే ఏ నిర్ణయానికైనా ముందు జన్యు పరీక్ష తప్పనిసరి.