పొగ చదువుకు పని ఉంటుందా?

ప్రశ్న: మాది అనంతపురం, లారీ నడుపుతాను. మావాడు పాలిటెక్నిక్‌లో మెకానికల్ చివరి ఏడాది. ఇంజిన్ పొగను శుద్ధి చేసే పనిలోకి వెళ్తానంటున్నాడు. అన్నీ కరెంటు బండ్లే వస్తుంటే ఆ చదువు దండగ కాదా సార్?

జవాబు: మీ టెన్షన్ నాకర్థమైంది. ముందు ఒక సంగతి చెప్తాను. పోయిన ఎండాకాలం గుత్తి దగ్గర హైవే పక్కన ఒక లారీ ఆగిపోయి ఉంటే చూశాను. పొగను శుద్ధి చేయడానికి వాడే యూరియా ద్రావణం డెఫ్, దాన్ని చిమ్మే నాజిల్ విప్పితే కల్లుప్పు మాదిరి తెల్లగా గట్టిపడి ఉంది. ఖర్చు కలిసొస్తుందని పొలానికి వేసే యూరియానే బోరు నీళ్లలో కలిపి పోశానని డ్రైవరే చెప్పాడు. డెఫ్‌లో 32.5 శాతం స్వచ్ఛమైన యూరియా, మిగతాది లవణాలు తీసేసిన నీళ్లు. పొలం యూరియాకు వేపనూనె పూత ఉంటుంది, మన బోరు నీళ్లలో సున్నం సరేసరి. నాజిల్ కడిగి బిగించారు, కాసేపటికే హెచ్చరిక లైటు మళ్లీ వెలిగింది. లోపల కెటలిస్టు (పొగలోని విషవాయువులను మార్చే భాగం) సంగతి చూడాలని చెప్పేవాళ్లు అక్కడ ఒక్కరూ లేరు. మీవాడు అలా చెప్పగలిగేవాడు కావాలి.

2020 ఏప్రిల్ 1 నుంచి రోడ్డు మీద తిరిగే కొత్త బండ్లకు బీఎస్-6 అనే పొగ నిబంధనలు తప్పనిసరి. డీజిల్‌లో గంధకం కూడా 50 పీపీఎం (పది లక్షల పాళ్లలో 50) నుంచి 10కి దిగింది, ఎక్కువుంటే కెటలిస్టు దెబ్బతింటుంది కాబట్టి. ఇప్పటి లారీలో పొగ మూడు చోట్ల ఆగి బయటికొస్తుంది. మొదటి కెటలిస్టు కార్బన్ మోనాక్సైడ్‌ని, కాలకుండా మిగిలిన ఇంధనాన్ని మార్చేస్తుంది. తర్వాత డీపీఎఫ్ అనే ఫిల్టర్ మసిని పట్టి ఉంచి, వేడి 600 డిగ్రీల దాకా పెరిగినప్పుడు కాల్చేస్తుంది. చివర్లో డెఫ్ నుంచి పుట్టిన అమ్మోనియా నైట్రోజన్ ఆక్సైడ్లను మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారుస్తుంది. పెద్ద ఊళ్లలో పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోయే విషం ఇక్కడే ఆగుతోంది. దీన్ని చిన్న పని అనుకోకండి.

కరెంటు బండ్ల గురించి మీరన్నది నిజమే. టూవీలర్లు, ఆటోలు త్వరగా మారతాయి. దూరం పోయే లారీలు, ట్రాక్టర్లు, జనరేటర్లు అంత తొందరగా మారవు. జనరేటర్లకైతే 2023 జులై నుంచే కొత్త గట్టి నిబంధనలు వచ్చాయి. అయినా ఒక్క ఇంజిన్‌నే నమ్ముకోవద్దని మీవాడికి గట్టిగా చెప్పండి. సెన్సార్లు, వైరింగ్, స్కానర్‌తో లోపం పట్టడం, కంట్రోలర్ ప్రోగ్రామింగ్ నేర్చుకుంటే రేపు బ్యాటరీ బండికీ అవే పనికొస్తాయి.

దారి ఈసెట్, డిప్లొమా పిల్లలు రాసే ప్రవేశ పరీక్ష. ర్యాంకు వస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరతాడు, అనంతపురం జేఎన్‌టీయూ మీ ఇంటి పక్కనే. తర్వాత గేట్ రాసి థర్మల్ లేదా ఐసీ ఇంజిన్లలో (ఇంధనాన్ని లోపలే కాల్చే ఇంజిన్లు) ఎంటెక్ చేయొచ్చు. పుణెలో ఏఆర్ఏఐ, మానేసర్‌లో ఐక్యాట్, చెన్నై దగ్గర ఒరగడంలో జీఏఆర్‌సీ బండ్లను పరీక్షించే పెద్ద సంస్థలు. వాటి ప్రకటనలు చూస్తూ ఉండమనండి. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ, దాని చుట్టూ విడిభాగాల కంపెనీలు ఉండనే ఉన్నాయి.

ఈసెట్‌లో 200 మార్కులకు కెమిస్ట్రీ 25. మెకానికల్ పిల్లలు చాలామంది దాన్ని వదిలేస్తారు. మీవాడు కోరుకున్న పని సగం కెమిస్ట్రీయే, అందుకే ఈ సెలవుల్లో దాంతోనే మొదలుపెట్టమనండి. వీలైతే ఒక ట్రిప్పు మీ వెంట తీసుకెళ్లండి. డీపీఎఫ్ లైటు వెలిగినప్పుడు మీరేం చేస్తారో వాణ్ణి పక్కనుండి చూడనివ్వండి.