చికెన్ కూర కాదు, పక్కనున్న ఉల్లిపాయతో జాగ్రత్త

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది మల్కాజిగిరి. పోయిన ఆదివారం చికెన్ తిన్నాం. మర్నాడే మా బాబుకి (9 ఏళ్లు) జ్వరం, విరేచనాలు పట్టుకున్నాయి. మెడికల్ షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ రెండు రోజులు వేస్తే తగ్గింది. మాంసంలో మందులకు లొంగని బ్యాక్టీరియా ఉంటోందని ఇప్పుడు చదివాను. నేనైతే ఉప్పు, పసుపు వేసి కుళాయి కింద మూడుసార్లు కడుగుతాను. అయినా చికెన్ మానేయాలా?
– ఓ పాఠకురాలు

జవాబు: మానేయక్కర్లేదమ్మా. నాకు భయమల్లా ఆ మూడుసార్లు కడగడం గురించే. కోడి పేగుల్లో సాల్మొనెల్లా, క్యాంపిలోబ్యాక్టర్, ఈ-కోలి లాంటి బ్యాక్టీరియా ఉంటాయి. కోసేటప్పుడు, వచ్చినవాళ్లందరికీ ఒకే మొద్దు మీద ముక్కలు కొట్టేటప్పుడు అవి మాంసానికి అంటుకుంటాయి. ఉప్పూ పసుపూ నీసు వాసన తగ్గిస్తాయేమో గానీ వీటిని వదిలించలేవు. కుళాయి తిప్పితే తుంపర్లతో పాటు గట్టు మీదికి, పక్కనున్న గిన్నెల్లోకి చేరతాయి. కడగకుండా వండటానికి మనసొప్పదంటే (మా ఇంట్లోనూ ఒప్పుకోరు) గిన్నెలో నీళ్లు పోసి మెల్లగా కడిగి, ఆ వెంటనే చేతులు, సింకు సబ్బుతో రుద్దేయండి. అన్నిటికంటే నా అనుమానం, చికెన్ కోసిన కత్తితోనే తరిగిన ఉల్లిపాయ, నిమ్మచెక్కల మీద. కూర ఉడుకుతుంది, అవి ఉడకవు కదా.

మందుకు లొంగని బ్యాక్టీరియా కూడా వేడికి లొంగుతుంది. ముక్క లోపలిదాకా 74 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే చాలు. కుతకుతా ఉడికిన కూరలో అంతకన్నా ఎక్కువే తగులుతుంది. పైపైన కాల్చిన ముక్కలైతే తినొద్దు.

ఈ మొండితనం ఎలా వచ్చిందంటే, జబ్బు లేకపోయినా కోళ్ల మేతలో యాంటీబయాటిక్స్ కలపడం ఒక కారణం. ఐసీయూలో మేం ఆఖరి అస్త్రంగా దాచుకునే కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ కూడా ఫారాలకు చేరడంతో, 2019లో కేంద్రం దాన్ని పశువులకూ కోళ్లకూ వాడొద్దని నిషేధించింది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలు ఇంకో కారణం. బాబుకి తగ్గింది వాటివల్లేనని చెప్పలేం. ఇలాంటి విరేచనాలు చాలావరకు కొద్ది రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. ఒంట్లో నీరు తగ్గకుండా ఓఆర్‌ఎస్ తాగిస్తుండాలి.

మలంలో రక్తం పడినా, జ్వరం రెండు రోజులు దాటినా, మూత్రం తగ్గినా, పిల్లాడు మగతగా ఉన్నా ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. అవసరమైతే మలం కల్చర్ పరీక్ష (అందులోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూడటం) చేసి, ఏ మందు పనిచేస్తుందో చూసి రాస్తారు. ఆ షీటులో మిగిలిన మాత్రలుంటే మళ్లీ పనికొస్తాయని మాత్రం దాచకండి.