బొమ్మలు నాలుగు, పండ్లు నలభై

ప్రశ్న: మా పాప నాలుగో తరగతి. కూడికలు, గుణకారాలు చకచకా చేసేస్తుంది, సంఖ్యల్ని బొమ్మల్లో చూపించే పటచిత్రాల లెక్క వచ్చిందంటే మాత్రం టెన్షన్ పడిపోతుంది. మొన్న పరీక్షలో "ఒక మామిడిపండు బొమ్మ = 10 పండ్లు" అని కింద సూచిక ఇచ్చినా వరసలో బొమ్మలు లెక్కపెట్టి 4 అని రాసింది. సగం బొమ్మ ఉన్నచోట అదేంటని అడిగితే "కోసిన పండు" అంది. "సోమవారం కంటే మంగళవారం ఎన్ని ఎక్కువ అమ్మారు?" అంటే మంగళవారం అమ్మినవే రాసేసింది. ఎలా చెప్పాలండీ?
– ఓ పాఠకురాలు, తణుకు

జవాబు: "కోసిన పండు" అన్నందుకు పాపను కోప్పడకండమ్మా. కళ్లకు కనిపించిందే చెప్పింది. ఆ ఒక్క బొమ్మ పది పండ్ల తరఫున నిలబడిందని తనకు ఎవరూ చేసి చూపించి ఉండరు, "కింద సూచిక చూసి గుణించు" అని చెప్పి వదిలేసి ఉంటారు.

పది రూపాయల నోట్లు నాలుగు చేతిలో పెట్టి అడగండి. కాగితాలెన్ని? నాలుగు. రూపాయలెన్ని? నలభై. ఇది తనకు ఎప్పుడో తెలిసిన సంగతే. సగం బొమ్మకు మాత్రం నోటు పనికిరాదు, చింపలేం కదా, దానికి కోడిగుడ్ల అట్ట తీసుకోండి. నిండు అట్టలో 30 గుడ్లు పడతాయి, ఖాళీ అట్టను సరిగ్గా సగానికి కత్తిరించి ఇందులో ఎన్ని పడతాయో చూడమనండి. 15. సగం అట్ట చూసి సగం గుడ్డు అని ఏ పిల్లా అనదు.

ఇది అర్థమయ్యాక కూడా వెంటనే పుస్తకం తెరవకండి. ముందు పటం తన చేత గీయించండి, చదవడం ఆ తర్వాత. ఈ విషయంలో నాది గట్టి నమ్మకం, ఎందుకంటే క్లాసులో కళ్లారా చూశాను. ఓసారి నాలుగో తరగతి పిల్లలు 42 మంది బడికి ఎలా వస్తున్నారో వాళ్లనే లెక్క తీయమన్నాను. నడిచి 18, ఆటోలో 12, సైకిల్ మీద 9, బస్సులో 3. నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డంగా కొట్టి గణన చిహ్నాలతో లెక్క తేల్చారు, అంతవరకూ బాగానే ఉంది. బొమ్మలు మొదలుపెట్టాక ఒక పిల్లాడు నడిచేవాళ్లను ఒక్కొక్కరినే గీస్తూ గీస్తూ పదమూడో మనిషి దగ్గరికి వచ్చేసరికి పేజీ అయిపోయింది. కాసేపు దాన్నే చూసి "సార్, ఒక్క మనిషిని నలుగురనుకుందామా?" అన్నాడు. సరేనన్నాను. 18కి నాలుగున్నర బొమ్మలు, 12కి మూడు, హాయిగా సాగి 9 దగ్గర ఆగిపోయింది: రెండు బొమ్మలు వేశాక ఇంకొక్కడు మిగిలాడు, వాణ్ని చూపించాలంటే పావు మనిషిని గీయాలి. పావు మనిషి అంటే కాళ్లా, తలా అని క్లాసంతా గోల. చివరికి ఒకమ్మాయి నాలుగు తీసేసి ఆరు పెట్టుకుందామంది. మూడు, రెండు, ఒకటిన్నర, సగం. అన్నీ కుదిరాయి. ఆ తర్వాత ఆ క్లాసులో సూచిక చూడకుండా లెక్కపెట్టినవాళ్లు నాకు కనబడలేదు, అది వాళ్లు కష్టపడి పెట్టుకున్న అంకె మరి.

అదే పటంలో ఇంకో తప్పు కూడా దొరికింది. మనుషుల్ని సన్నగా, ఆటోల్ని పెద్దగా గీశారు. రెండు ఆటోల వరస ముగ్గురు మనుషుల వరసను దాటిపోయి, వెనక బెంచీ నుంచి చూస్తే ఆటోలో వచ్చేవాళ్లే ఎక్కువనిపించింది. అందుకే బొమ్మలన్నీ ఒకే సైజులో ఉండాలి, వరసలన్నీ ఒకే గీత దగ్గర మొదలవ్వాలి. ఇది పిల్లల పుస్తకాలకే పరిమితమైన సంగతేమీ కాదు, 1920లలో వియన్నాలో ఓటో న్యూరాత్ అనే సామాజిక శాస్త్రవేత్త సామాజిక, ఆర్థిక లెక్కల్ని మామూలు జనానికి బొమ్మల్లో చూపించడానికి ఏకంగా మ్యూజియమే పెట్టి, సంఖ్య పెరిగితే బొమ్మను పెద్దది చేయకూడదు, అదే బొమ్మను ఇంకోసారి వేయాలి అని పట్టుబట్టారు. పొడవూ వెడల్పూ రెండూ రెట్టింపు చేస్తే బొమ్మ ఆక్రమించే చోటు నాలుగు రెట్లవుతుంది, అప్పుడు కన్ను మోసపోతుంది.

ఇక "ఎన్ని ఎక్కువ" సంగతి. పెద్ద సంఖ్య రాసేయడం చాలామంది పిల్లలు చేసేదే. ప్రశ్నను తిప్పి అడగండి: "సైకిల్ వాళ్లు ఇంకా ఎంతమంది వస్తే నడిచేవాళ్లతో సమానమవుతారు?" రెండు వరసల్లో బొమ్మకు బొమ్మ జతగా పెన్సిల్‌తో కొట్టేయమనండి. మూడింట్లో ఒకటిన్నర పోతే ఒకటిన్నర మిగులుతుంది, ఒక బొమ్మకు 6, సగానికి 3, మొత్తం 9. ఇలా చేస్తే గుణకారం మిగిలిన బొమ్మలకే, చివర్లో ఒక్కసారే వస్తుంది. పనిలో పనిగా "బస్సులో ముగ్గురే ఎందుకొస్తున్నారు?" అని కూడా అడగండి. ఈ పటం చూసి అది చెప్పలేం అని పాప అంటే పటం చదవడం వచ్చినట్టే.

ప్రశ్న: మా మనవడు పూల మొక్కల పటచిత్రం ఎంతో అందంగా రంగులేసి గీశాడు. పైన పేరు లేదని, సూచిక రాయలేదని టీచరు సగం మార్కులే వేశారు. ఇది న్యాయమేనా?
– ఓ తాతయ్య, సిద్దిపేట

జవాబు: న్యాయమేనండీ. ఆ పటం ఎదురింటివాళ్లకు చూపించి చామంతులు ఎన్ని అని అడగండి. అయిదు బొమ్మలుంటే అయిదంటారు, మనవడి లెక్కలో అవి యాభై అయి ఉండొచ్చు. అవి బళ్లో మొక్కలో మీ పెరట్లోవో కూడా వాళ్లకు తెలియదు. రంగులు చెరపక్కర్లేదు, పైన ఒక పేరు, పక్కన వరసల పేర్లు, కింద మూలన "ఒక పువ్వు = ఇన్ని మొక్కలు" అని రాయించి, మళ్లీ అదే ఇంటికి మనవణ్నే పంపి అడిగించండి.