కోర్సు పేరు కాదు, బ్రాంచి చూడండి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. ఈఏపీసెట్‌లో ఓ మోస్తరు ర్యాంకు వచ్చింది. గుంటూరు దగ్గర చెత్తతో కరెంటు తీసే ప్లాంటు గురించి తెలిసినప్పటి నుంచి ఆ రంగంలోకే వెళ్తానంటోంది. ఒక ప్రైవేటు కాలేజీలో 'రెన్యువబుల్ ఎనర్జీ' పేరుతో బీటెక్ ఉందట. చేర్చమంటారా? బంధువులేమో సీఎస్‌ఈ తప్ప మరొకటి వద్దంటున్నారు.
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: రంగం మంచిదే. కోర్సు పేరు చూసి మాత్రం ఫీజు కట్టేయకండి. విద్యుత్ సంస్థల నోటిఫికేషన్లలో అర్హతగా ఎక్కువగా కనిపించేవి ఎలక్ట్రికల్, మెకానికల్, సివిల్ వంటి పాత బ్రాంచీలే. వాటిలో ఒకటి చదివి, ఎంటెక్‌లో ఎనర్జీ వైపో ఎన్విరాన్‌మెంటల్ వైపో వెళ్లొచ్చు. ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్‌లో ఎన్విరాన్‌మెంటల్ పేపరు 2021 నుంచి విడిగా ఉంది.

ఏ బ్రాంచి అన్నది ఆమెకు ఏ పని నచ్చుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. చెత్తను మండించే ప్లాంటులో బాయిలర్, టర్బైన్ మామూలువే. చిక్కంతా చెత్తతోనే. మన ఇళ్ల చెత్తలో అన్నం, కూరగాయల తొక్కల వల్ల తడి ఎక్కువ. ఓ పట్టాన మండదు. ఢిల్లీ తిమార్‌పూర్‌లో 1980లలో పెట్టిన ప్లాంటు మూతపడింది ఇందువల్లే. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల్లో కిలోకు 1,500 కిలోకేలరీలకు పైగా శక్తి ఉండి, రీసైకిల్ కాని చెత్తను డంపింగ్ యార్డుకు పంపకుండా ఇంధనంగా వాడాలన్నారు. పొగలో డయాక్సిన్ల వంటి విషాలు బయటికి పోకుండా చూడటం ఇంకో పెద్ద పని.

తడి చెత్తకు దారి వేరు. హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్‌లో రోజుకు సుమారు 10 టన్నుల కూరగాయల వ్యర్థాల నుంచి బయోగ్యాస్ తీసి, దాదాపు 500 యూనిట్ల కరెంటు తయారుచేసేలా ప్లాంటు పెట్టారు. టెక్నాలజీ హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీదే. ఇండోర్‌లో 2022లో మొదలైన బయో సీఎన్‌జీ (బయోగ్యాస్‌ను శుద్ధి చేసి తీసే వాహన ఇంధనం) ప్లాంటు సామర్థ్యమైతే రోజుకు 550 టన్నులు. ఇక్కడ పని చేసేది సూక్ష్మజీవులు. వాటికి వేడి, ఆమ్లత్వం సరిగ్గా కుదిర్చేవాళ్లు కావాలి. నన్నడిగితే మీ అమ్మాయికి కెమికల్ ఇంజినీరింగ్ సూచిస్తాను, కెమిస్ట్రీ అంటే భయం లేకపోతేనే.

ఉద్యోగాల సంఖ్యే ముఖ్యమనుకుంటే సోలార్ వైపు చూడండి. దానికి ఎలక్ట్రికల్ నప్పుతుంది. కోటి ఇళ్లపై ప్యానెళ్లు పెట్టించాలన్న పీఎం సూర్యఘర్ పథకం 2024లో మొదలైంది. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ అంత ఉంటుందని ఆశపడొద్దు. ఆ మాట బంధువులు చెప్పకముందే అమ్మాయికి మీరే చెప్పండి. ఇష్టం లేకుండా సీఎస్‌ఈలో చేర్పిస్తే నాలుగేళ్లూ టెన్షనే.

వెబ్ ఆప్షన్లు పెట్టేలోపు వీలైతే అనుమతి తీసుకుని గుంటూరు దగ్గరి ఆ ప్లాంటును ఆమెకు దగ్గరుండి చూపించండి. ఆ వాసన, రాత్రి షిఫ్టులు, ఊరికి దూరంగా డ్యూటీ అన్నీ తెలిశాక కూడా వెళ్తానంటే, మీకు నచ్చిన కాలేజీలన్నిటిలో కెమికల్‌ను ముందు పెట్టి, ఆ తర్వాత ఎలక్ట్రికల్, మెకానికల్ పెట్టండి.